మొహాలీ నుంచి పిలుపొచ్చింది, వెళ్లనా? – పంజాబీ యాక్షన్ సినిమాల్లో కెరీర్ గురించి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో కొన్నేళ్లుగా ఫైటర్‌గా, విలన్ గ్యాంగ్‌లో ఒకడిగా చేస్తున్నారు. ఒడ్డూ పొడుగూ ఉంది, జిమ్ బాడీ ఉంది. మొహాలీలో తీస్తున్న ఒక పంజాబీ యాక్షన్ సినిమాలో మెయిన్ విలన్‌కు కుడిభుజంలాంటి పాత్రకు పిలిచారు. వెళ్తే అక్కడ నిలదొక్కుకోవచ్చా, అసలు యాక్షన్ నటులకు అక్కడ కెరీర్ ఉంటుందా, లేక అంతా పాటగాళ్ల రాజ్యమేనా అని.

వెళ్లండి. కానీ ఇక్కడ సర్దేసుకుని వెళ్లకండి. ఇంకోటి, బైసెప్స్ చూసి పిలిచారు కాబట్టి బైసెప్సే కాపాడతాయని అనుకోకండి. పంజాబీ యాక్షన్ సినిమాను మొదటినుంచీ నడిపింది గొంతు. అక్కడ ఎక్కువ కాలం నిలబడ్డవాళ్లంతా మాట పలకడం వచ్చినవాళ్లే. కాబట్టి ఒప్పుకునే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి: మీ పాత్రకు డైలాగ్ ఉందా, ఉంటే డబ్బింగ్ మీరే చెప్తారా? వేరేవాళ్లతో చెప్పిస్తామంటే ఆ సినిమా మీకు పేమెంటూ అనుభవమూ ఇస్తుంది, పేరు మాత్రం ఇవ్వదు.

నేను ఫైట్ మాస్టర్ల దగ్గర అసిస్టెంట్‌గా చాలాకాలం చేశాను. మొహాలీ, ఖరడ్, పటియాలా చుట్టుపక్కల పల్లెల్లో కొన్ని పంజాబీ సినిమాల కంపోజింగ్‌లో, అంటే ఫైట్ కూర్చే పనిలో ఉన్నాను. పైన చెప్పినమాట ఎందుకన్నానో ఇప్పుడు వివరంగా రాస్తాను. కొంచెం పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

మొదట ఆయుధం సంగతి

పంజాబీ మాస్ సినిమా అనగానే గుర్తొచ్చేది గండాసా. పశువులకు చొప్ప నరికే వెడల్పాటి కత్తిని మనిషెత్తు కర్రకు బిగిస్తే అది. మన ఫ్యాక్షన్ సినిమాల వేటకొడవలితో పోల్చి చూడండి, ఫైటర్‌కు తేడా వెంటనే తెలుస్తుంది. కొడవలి పొట్టిది. మీదమీదకొచ్చి కొడతాం, ఒకే షాట్‌లో పది మూవ్‌లు కలిపేస్తాం. గండాసాతో అది కుదరదు. ఇద్దరి చేతుల్లోనూ అంత పొడుగు కర్రలుంటే మధ్యలో కనీసం రెండు బారల ఖాళీ ఉండాల్సిందే. బ్లేడు ఫైబర్‌దైనా, రబ్బరుదైనా కర్ర మాత్రం నిజం కర్రే, తగిలితే తల పగులుతుంది. ఒకసారి తిప్పితే మళ్లీ వెనక్కి లాక్కోవడానికి సమయం పడుతుంది. అందుకని మూడు నాలుగు దెబ్బలు, ఒక ఆగుడు, ఒక చూపు, ఒక డైలాగు. మళ్లీ మూడు నాలుగు దెబ్బలు.

ఆ ఆగిన చోట నోరు విప్పగలిగినవాడికి క్లోజప్ పడుతుంది. విప్పలేనివాడు వెనక వరుసలో కర్ర పట్టుకుని నిలబడతాడు. కంపోజింగ్‌లో నిలబడి చూసినప్పుడు నాకు అర్థమైన లెక్క ఇది.

లాహోర్ నేర్పిన పాఠం

ఈ పద్ధతికి మూలపురుషుడు పాకిస్తాన్ వైపు పంజాబ్ నటుడు సుల్తాన్ రాహీ. ఎక్స్‌ట్రా వేషాలతో మొదలై, చిన్న విలన్‌గా చేస్తూ చేస్తూ, 1972లో అస్లమ్ దార్ తీసిన 'బషీరా'తో పైకొచ్చాడు. 1975లో 'వహ్షీ జట్' వచ్చింది, హసన్ అస్కరీ దర్శకుడు. అహ్మద్ నదీమ్ ఖాస్మీ అనే పెద్ద ఉర్దూ రచయిత గండాసా మీద రాసిన కథ దానికి ఆధారం. ఆ తర్వాత 1979 ఫిబ్రవరిలో 'మౌలా జట్'. యూనస్ మాలిక్ దర్శకత్వం, నాసిర్ అదీబ్ మాటలు. జియావుల్ హక్ సైనిక పాలనలో వచ్చిన సినిమా. ప్రభుత్వం ఆపాలని చూసింది, నిర్మాత కోర్టుకెళ్లి ఆడించుకున్నాడు, జనం విరగబడ్డారు. అక్కణ్ణించి లాహోర్ సినిమా మొత్తం గండాసా చుట్టూనే తిరిగింది. రాహీ చేసిన సినిమాలు ఏడు వందల పైమాటే అంటారు. ఒకే పండక్కి ఆయనవే రెండు మూడు సినిమాలు పోటీ పడిన రోజులున్నాయి.

మీరు 'మౌలా జట్'ను ఫైటర్ కళ్లతో చూస్తే నిరాశపడతారు. దెబ్బకు రియాక్షన్ ఆలస్యం, ఎడిటింగ్ ముతక. కానీ కళ్లు మూసుకుని వినండి. రాహీది పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వినపడే అరుపు, దాన్ని వాళ్లు బఢక్ అంటారు. ఎదురుగా నూరీ నత్ పాత్రలో ముస్తఫా ఖురేషీ గొంతు పెంచడు. మెల్లగా, ముద్దుగా, పాము పాకినట్టు మాట్లాడతాడు. తనకు సరిజోడు మగాడు ఎక్కడా దొరకడం లేదని వెతుక్కునే విలన్ అతను. అరుపుకు ఎదురు గుసగుస. సినిమా మొత్తం ఆ రెండు గొంతుల మధ్యే నడిచింది.

ఇక్కడ మీకు పనికొచ్చే సంగతి ఏంటంటే, ఖురేషీ మాతృభాష పంజాబీ కాదు, సింధీ. సినిమాల్లోకి రాకముందు హైదరాబాద్‌లో రేడియోలో పనిచేశాడు (మన హైదరాబాద్ కాదులెండి, సింధ్‌లో ఉన్నది). పరాయి భాషవాడు, రేడియో మైకు ముందు గొంతు సానపెట్టుకున్నవాడు, పంజాబీ సినిమాలో అందరికంటే పేరున్న విలనయ్యాడు. భాష మనది కాదన్న బెంగ మీకుంటే ఆయన్ని తలుచుకోండి.

ఆ కెరీర్ల చివర కూడా చూడాలి. 1996 జనవరిలో గుజ్రాన్‌వాలా దగ్గర హైవే మీద దోపిడీ దొంగలు రాహీని కాల్చి చంపారు. అప్పటికి ఆయన సినిమాలు పదుల కొద్దీ సగంలో ఉన్నాయి. ఒక్కడి మీదే ఆధారపడిన ఇండస్ట్రీ ఒక్కసారిగా కుదేలైంది. హీరో షాన్ లాంటివాళ్లు ఆ తర్వాత కొంతకాలం మోశారు కానీ పాత జోరు రాలేదు. 2022 అక్టోబర్‌లో బిలాల్ లాశారీ తీసిన 'ద లెజెండ్ ఆఫ్ మౌలా జట్' వచ్చేదాకా ఆ రకం సినిమాకు ప్రపంచ మార్కెట్ ఉందని ఎవరూ నమ్మలేదు. పాకిస్తాన్ సినిమాల్లో వంద కోట్ల పాకిస్తానీ రూపాయలు దాటిన మొదటిది అదే. మన దేశంలో విడుదల చేయాలని ప్రయత్నాలు జరిగినా కుదరలేదు. నేను దుబాయ్‌లో పని మీద ఉన్నప్పుడు చూశాను. మౌలాగా ఫవాద్ ఖాన్ బాగున్నాడు. నాకు మాత్రం నూరీ నత్‌గా చేసిన హమ్జా అలీ అబ్బాసీ గొంతే ఇంటిదాకా వెంటొచ్చింది. మాటలు రాసింది మళ్లీ అదే నాసిర్ అదీబ్.

బాడీ గురించి కూడా అడిగారు కాబట్టి: ఆ పాత్ర కోసం ఫవాద్ ఖాన్ తక్కువ కాలంలో పాతిక కిలోల దాకా పెరిగాడు. దాని దెబ్బకు కిడ్నీలు మొరాయించి ఆసుపత్రిలో పడ్డానని, ఇంకెప్పుడూ ఆ పని చేయనని ఆయనే ఇంటర్వ్యూలో చెప్పాడు. ఆయనకు పదిహేడేళ్ల వయసు నుంచీ షుగర్ ఉంది కూడా. 'పాత్ర కోసం నెలలో పెంచేయ్' అని ఏ మేనేజరో అంటే వినకండి. పంజాబ్ పల్లెటూరి విలన్‌కు సిక్స్‌ప్యాక్ అక్కర్లేదు. కుర్తా వేస్తారు, పైన లోయీ (ఉన్ని శాలువా) కప్పుతారు. కనపడేది మెడ, భుజాలు, కళ్లు.

మనవైపు పంజాబ్: బయట పేరు తెచ్చుకుని లోపలికి

మన దేశంలోని పంజాబీ సినిమా చరిత్ర వేరు. మొదట్లో అది బొంబాయిలో తయారయ్యేది. దారా సింగ్ మీకు రామాయణం సీరియల్ హనుమంతుడిగా తెలుసు. కుస్తీ వస్తాదు, 1962లో 'కింగ్ కాంగ్'తో హిందీ స్టంట్ సినిమాల హీరో. పంజాబీకొచ్చేసరికి ఆయన ఎక్కువగా భక్తి సినిమాల వైపు మొగ్గాడు, 1970లో 'నానక్ దుఖియా సబ్ సంసార్' సొంతంగా డైరెక్ట్ చేశాడు. 1978లో మొహాలీలో దారా స్టూడియో పెట్టాడు. ఇవాళ మిమ్మల్ని మొహాలీకి పిలుస్తున్నారంటే ఆ పునాదిలో ఆయన చెయ్యి కూడా ఉంది.

1980ల్లో ధర్మేంద్రకు బంధువైన వీరేంద్ర హీరో, దర్శకుడు, అన్నీ తానై నడిపాడు. 1988 డిసెంబర్‌లో షూటింగ్‌లో ఉండగా కాల్చి చంపారు. ఉగ్రవాదం రోజులవి. రాత్రి ఆటలకు జనం వచ్చేవాళ్లు కాదు. అలాంటి కాలంలోనే, 1991 ప్రాంతంలో, 'బద్లా జట్టీ దా', 'జట్ జ్యోణా మౌడ్' లాంటి పగ-ప్రతీకారం సినిమాలు ఆడాయి. జ్యోణా మౌడ్ బ్రిటిష్ కాలం నాటి బందిపోటు, అక్కడి జానపదుల పాటల్లో ఉన్న మనిషి. గుగ్గు గిల్, యోగరాజ్ సింగ్ ఆ కాలం మొనగాళ్లు. యోగరాజ్ అంటే యువరాజ్ సింగ్ నాన్నే. ఇండియాకు ఒకే ఒక్క టెస్టు ఆడాడు, 1981లో న్యూజిలాండ్ మీద. క్రికెట్ చేజారాక సినిమాల్లోకొచ్చి విలన్‌గా భయపెట్టాడు.

వీళ్లిద్దరి కెరీర్లు మీరు పట్టి చూడాలి. హీరో-విలన్ వయసు దాటాక మాయమైపోలేదు. మధ్యలో సినిమాలే తగ్గిపోయిన రోజులొచ్చాయి, అవి దాటుకుని తెల్లగడ్డంతో తిరిగొచ్చారు. ఇప్పుడు ఊరి పెద్ద, పాత పగ ఉన్న జమీందారు, హీరో తండ్రి. సెట్‌లో అలాంటి సీనియర్ ఒకాయన నోటివెంట నాలుగు మాటలు రాగానే లైట్ బాయ్ దాకా అందరూ నిలబడిపోవడం చూశాను. దెబ్బ ఒక్కటీ లేదు ఆ సీన్‌లో. సర్దార్ సోహీని కూడా చూడండి. 1986లో హర్‌పాల్ తివానా తీసిన 'లౌంగ్ దా లిష్కారా'లో ఉన్నాడు, ఇప్పటికీ బిజీ. రంగస్థలం నుంచి వచ్చిన గొంతు అది.

పాటగాళ్లే హీరోలు ఎందుకంటే

2002లో 'జీ ఆయా నూ' వచ్చి సినిమా మళ్లీ లేచింది. హీరో గాయకుడు హర్భజన్ మాన్, కథ కెనడా సంబంధం. పంజాబీ సినిమాకు విదేశాల్లో పంజాబీలు ఎక్కువగా ఉండే బ్రాంప్టన్, సర్రే, బర్మింగ్‌హామ్, మెల్‌బోర్న్ వసూళ్లు ప్రాణం. అక్కడి ప్రేక్షకుడికి ముందు తెలిసింది పాట. ఆ గొంతు వాడి కారులో ఏళ్ల తరబడి మోగుతోంది. టికెట్ అమ్మడానికి నిర్మాతకు కొత్త ముఖాన్ని పరిచయం చేసే ఖర్చు లేదు. దీన్ని అన్యాయం అనుకుంటే కుదరదు, లెక్క అలాంటిది.

అయినా గాయకులకూ యాక్షన్ అంత తేలిగ్గా దొరకలేదు. దిల్జీత్ దోసాంజ్ 2011లో 'ద లయన్ ఆఫ్ పంజాబ్' అని మాస్ సినిమాతో హీరోగా దిగాడు. పాట మోగిపోయింది, సినిమా పోయింది. మరుసటేడు 'జట్ అండ్ జూలియట్' అనే కామెడీ ఆయన్ని నిలబెట్టింది. గిప్పీ గ్రేవాల్‌కూ 2012లో 'క్యారీ ఆన్ జట్టా' కామెడీయే ఆధారం. నవ్వించి మార్కెట్ సంపాదించాక 'జట్ జేమ్స్ బాండ్', ఆపైన 'వార్నింగ్' లాంటి యాక్షన్ వైపు వెళ్లాడు. అన్నట్టు 'వార్నింగ్'లో జనానికి గుర్తుండిపోయింది పమ్మా పాత్ర. చేసింది ప్రిన్స్ కన్వల్‌జీత్ సింగ్. కండలు లేవు, పాటల్లేవు. తాపీగా, నవ్వుతున్నట్టే మాట్లాడే హంతకుడు. మీరు వెళ్లేలోపు ఆ ఒక్క పాత్రను పదిసార్లు చూడండి. మీకిచ్చిన పాత్ర అదే కొలతలో రాసి ఉంటుందని నా అనుమానం.

పాట లేకుండా యాక్షన్ హీరో అయినవాడు దేవ్ ఖరౌడ్. నాటకాలు, టీవీ చేసి వచ్చాడు. 2015లో 'రూపిందర్ గాంధీ', 2018లో 'డాకూఆఁ దా ముండా', 2019లో 'బ్లాకియా', 'డీఎస్పీ దేవ్'. రెండోది మింటూ గురుసరియా అనే మాజీ నేరస్థుడి ఆత్మకథ. ఖరౌడ్ ఫైట్లు బాగా చేస్తాడు, టైమింగ్ ఉంది. కానీ బఠిండా వైపు కుర్రాడు అతన్ని అనుకరించేటప్పుడు కాలు లేపడు, డైలాగ్ చెప్తాడు.

ఇక మీ సంగతి

తెలుగువాళ్లు అనగానే అక్కడ మంచి గౌరవం ఉంది, అది వాడుకోండి. హిందీ డబ్బింగుల పుణ్యమా అని పల్లెటూళ్లలో కూడా మన హీరోల ఫైట్లు షాట్‌తో సహా చెప్తారు. ఇటూ అటూ రాకపోకలూ కొత్తేం కాదు. 'నరసింహ నాయుడు', 'ఇంద్ర'ల్లో మనల్ని భయపెట్టిన ముకేశ్ రిషి 2023లో కొడుకును హీరోగా పెట్టి పంజాబీలో 'నిడర్' తీశాడు. 'కృష్ణ'లో విలన్‌గా చేసిన ముకుల్ దేవ్ (2025లో చనిపోయాడు), ఆయన అన్న రాహుల్ దేవ్ అక్కడా విలన్లుగా చేశారు. మన మెహరీన్ 'డీఎస్పీ దేవ్'లో హీరోయిన్. 'ఆర్ఎక్స్ 100'కు ముందు పాయల్ రాజ్‌పుత్ పంజాబీలో చేసింది. కాకపోతే వీళ్లంతా ఉత్తరాది వాళ్లు, భాష నోట్లో ఉంది. మీకు లేదు. అందుకే:

భాష పని ఇవాళే మొదలుపెట్టండి. హిందీ వస్తే పంజాబీ వచ్చినట్టే అని ఎవరో చెప్తారు, నమ్మకండి. పంజాబీకి స్వరం ఉంది. ఘ, ఝ, ధ, భ అని రాసి ఉన్న చోట వాళ్లు వత్తు పలకరు. ఘోడా అన్నది 'కోడా'కు దగ్గరగా, గొంతు కిందికి దించి లేపినట్టు వస్తుంది. భ్రా అన్నది 'ప్రా' అవుతుంది. మనవాడు తెలుగు లిపిలో రాసుకుని నిండా వత్తులతో చదివితే మానిటర్ దగ్గర నవ్వుతారు, ఆ టేక్‌లో విలనీ చచ్చిపోతుంది. అందుకే కాగితం వద్దు. అసిస్టెంట్ డైరెక్టర్‌తో మీ డైలాగులు ఫోన్‌లో రికార్డు చేయించుకుని చెవితో నేర్చుకోండి. మీ పాత్ర ఏ ప్రాంతం వాడో కూడా అడగండి. ఎక్కువగా మాల్వా యాస ఉంటుంది, అంటే పటియాలా, సంగ్రూర్, బఠిండా వైపు మాట. అమృత్‌సర్ వైపు మాట వేరు.

పగ్డీ జాగ్రత్త. తలపాగా ఉన్న నటుడితో ఫైట్ అంటే ఇక్కడిలా జుట్టు పట్టి లాగడం, తలమీద కొట్టడం మామూలుగా చేసేస్తానంటే కుదరదు. పగ్ పడిపోవడం అక్కడ పరువు పోవడం. కథలో అవమానం కోసం రాసుకుంటే తప్ప పడకూడదు. రిహార్సల్‌లో పొరపాటున చెయ్యి తగిలినా వెంటనే సారీ చెప్పండి. మళ్లీ కట్టడానికి పట్టే సమయం షెడ్యూల్‌లోంచి పోతుంది, అది వేరే బాధ. డూప్‌లకు మాత్రం పండగే, గడ్డం, పగ్ పెడితే ఎవరెవరో కెమెరాకు తెలియదు. మీరూ డూప్‌గా కూడా చేస్తారా అని అడుగుతారు. చేయండి, కానీ దానికి వేరుగా మాట్లాడుకోండి.

డబ్బు. బడ్జెట్లు మన మీడియం సినిమా కంటే తక్కువ. నెలా నెలన్నరలో సినిమా చుట్టేస్తారు, రోజుకు చాలా సీన్లు లాగుతారు. రోప్ షాట్లకు, బెడ్లకు ఇక్కడున్నంత సరంజామా అన్నిచోట్లా ఉండదు. జంప్ ఉంటే కింద ఏం వేస్తున్నారో మీరే వెళ్లి చూసుకోండి. ఒక ప్రొడక్షన్‌లో మా బ్యాచ్‌కు చివరి వాయిదా రావడానికి రిలీజ్ దాటిపోయింది. అందుకని సగం ముందు, మిగతాది ప్యాకప్ రోజు అని మెసేజ్‌లోనైనా రాయించుకోండి. ఇక్కడ యూనియన్ కార్డు వదులుకోవద్దు.

తుపాకులతో రీల్స్ వద్దు. ఇది తేలిగ్గా తీసుకోకండి. అక్కడ గ్యాంగ్‌స్టర్ సినిమాకూ గ్యాంగ్‌స్టర్‌కూ మధ్య గోడ పల్చగా ఉంది. 2020లో 'షూటర్' అనే సినిమాను రాష్ట్ర ప్రభుత్వమే నిషేధించింది. గాయకుడు, నటుడు పర్మీశ్ వర్మ మీద 2018లో మొహాలీలోనే కాల్పులు జరిగాయి. 2022 మేలో గాయకుడు సిద్ధూ మూసేవాలా హత్య మీకు తెలిసిందే. అదే ఏడాది నవంబర్‌లో ఆయుధాల ప్రదర్శన మీద, సోషల్ మీడియాలో పెట్టడంతో సహా, పంజాబ్ ప్రభుత్వం నిషేధం పెట్టింది. సెట్‌లో డమ్మీ గన్‌తో మీరు సరదాగా తీసుకున్న వీడియో మీదా కేసు పడొచ్చు. అదొక్కటే కాదు, ఎవడి కంట పడుతుందో కూడా చెప్పలేం.

అక్కడ ఫైటర్‌గా వెళ్లి హీరో అయినవాణ్ణి నేను చూడలేదు. విలన్ పక్కవాడిగా వెళ్లి, రెండు మూడు సినిమాల్లో మాట పట్టుకుని, ఆపైన వెబ్ సిరీస్‌ల్లో మంచి పాత్రలు తెచ్చుకున్నవాళ్లను చూశాను. చౌపాల్ అని పంజాబీతో పాటు హర్యాణ్వీ, భోజ్‌పురీ సినిమాలు పెట్టే ఓటీటీ ఉంది, అక్కడ క్రైమ్ కథలకు గిరాకీ బాగుంది. మీ లక్ష్యం అది పెట్టుకుంటే సాధ్యమే. ఏడాదికి ఒకటో రెండో అక్కడ, మిగతా రోజులు ఇక్కడ అన్నట్టు నడుపుకుంటే మూడేళ్లలో తేలిపోతుంది, మీ గొంతు వాళ్లకు నచ్చిందో లేదో.

షెడ్యూల్ డిసెంబర్, జనవరిలో అన్నారు కదా. పొద్దున పదకొండు దాకా పొగమంచు కమ్మేసి షూటింగ్ ఆగిపోయే రోజులుంటాయి. రోజు లెక్కన కాకుండా మొత్తం సినిమాకు ఇంత అని మాట్లాడుకుంటే ఆ ఆగిన రోజులన్నీ మీ నెత్తినే పడతాయి. రిటర్న్ టికెట్ కూడా తేదీ మార్చుకునే వీలున్నదే తీయించుకోండి.